దిగిపోయిన పిల్ల

కొండ కింది అడవిలో ఒక ఎలుగుబంటి తన పిల్ల బొద్దును వీపు మీద ఎక్కించుకుని తిరిగేది. బొద్దుకు ఆ వీపే రక్షణ. తల్లి రెండు కాళ్ళ మీద లేచి నిలబడిందంటే పులి కూడా పక్కకు తప్పుకునేది.

ఒకరోజు దారిలో ఇప్పపూల వాసన గుప్పున కొట్టింది. "ఇప్పుడు కాదు నాన్నా, ఇక్కడ పులి తిరుగుతోంది" అంది తల్లి. బొద్దు వినలేదు. చప్పుడు చెయ్యకుండా జారి దిగి, కడుపునిండా పూలు తిని తలెత్తేసరికి తల్లి కనబడలేదు. వాగు అవతల పులి గాండ్రించింది.

బొద్దు పరుగున వెళ్ళి ఒక బండ సందులో దూరింది. అక్కడున్న ముసలి ముళ్ళపంది సంగతంతా విని, "నిన్నెవరూ తోసెయ్యలేదు. నీ అంతట నువ్వే దిగావు. ఇంక ఏ ముఖం పెట్టుకుని ఆ వీపెక్కుతావు?" అంది. నిజమే అనిపించింది బొద్దుకు. అందుకే దూరం నుంచి తల్లి పిలుస్తున్నా సిగ్గుతో పలకలేదు.

తల్లి వాసన పట్టుకుంటూ అక్కడికే వచ్చింది. ముళ్ళపొదలు గీరుకుపోయి ఆమె ముక్కు మీద నెత్తురు కారుతోంది.

"నేను దిగిపోయానమ్మా" అంది బొద్దు, బయటికి రాకుండానే.

"నువ్వు దిగావు. నేను నిన్ను దించలేదు" అంటూ తల్లి నేలకు వంగింది.

బొద్దు బయటికి వచ్చి ఎక్కింది. కొంతదూరం పోయాక, "మళ్ళీ దిగిపోతే?" అని అడిగింది.

"మళ్ళీ వెతుకుతాను. కానీ నాన్నా, నిన్ను పులి కూడా వెతుకుతుంది" అంది తల్లి.

బొద్దు తల్లి మెడ మీది బొచ్చును రెండు చేతులా పట్టుకుని, అందులో ముఖం దాచుకుని ఏడ్చింది.