నన్ను చూసి నేర్చుకో

"పీకెయ్ ఆ బొమ్మని!"

అచ్యుతరావు అరుపుకి అమీర్‌పేటలోని ఆ అపార్టుమెంటు మొత్తం ఉలిక్కిపడింది. గోడ మీది పోస్టర్‌లో కబడ్డీ అభిలాష్ తొడగొట్టి నవ్వుతున్నాడు. దాని కింద అచ్యుతరావు కూతురు హైందవి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది.

"పీకను నాన్నా."

"టీవీలో చూశావుగా! తాగి బండి నడిపి దొరికాడు. జడ్జిగారు శిక్ష వేశారు. ఈ శనివారం పంజాగుట్ట చౌరస్తాలో 'తాగి బండి నడపకండి' అని ప్లకార్డు పట్టుకుని నిలబడాలట. సిగ్గులేకపోతే సరి! వీడా నీకు ఆదర్శం?"

"నేను నేర్చుకునేది కబడ్డీ కూతలో ఆయన రెయిడింగ్ నాన్నా, డ్రైవింగ్ కాదు."

"నోర్ముయ్! మనిషన్నాక ఇంటా బయటా ఒకేలా ఉండాలి. ఆటగాళ్లని నెత్తినెక్కించుకుంటే ఇంతే. రేపట్నుంచి కబడ్డీ లేదు, గ్రౌండూ లేదు. వచ్చే వారం సెలెక్షన్స్‌కి నిన్ను పంపేది లేదు."

హైందవికి ఏడుపు తన్నుకొచ్చింది. ఆ సెలెక్షన్స్ కోసమే కదా ఏడాదంతా మోకాళ్లు చెక్కుకుపోయేలా ఆడింది!

"మరి ఎవర్ని చూసి నేర్చుకోమంటారు?"

"ఎవర్నో ఎందుకు? నన్ను చూసి నేర్చుకో!" అన్నాడు అచ్యుతరావు గుండె మీద చెయ్యేసుకుని.

ఆ మాటకి ఆయన భార్య వరలక్ష్మి పోపు గరిటతో సహా బయటికొచ్చి ఒక చూపు చూసింది. మళ్లీ లోపలికి పోయింది. కాపురం చేసిన అనుభవం మరి.

శనివారం పొద్దున్నే అచ్యుతరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారైపోయాడు.

"రెండో శనివారం కదండీ, సెలవు కాదూ?" అంది వరలక్ష్మి.

"ఎర్రమంజిల్ ఆఫీసులో ఆడిట్. సెలవంటే వింటారా వాళ్లు? మీరిద్దరూ మాత్రం గడప దాటొద్దు. ముఖ్యంగా పంజాగుట్ట వైపు వెళ్లొద్దు. ఆ తాగుబోతుని చూడ్డానికి జనం ఎగబడి ఛస్తారు."

పోయిన వారం ఆఫీసులో ఎవరిదో రిటైర్మెంట్ పార్టీకెళ్లి ఆటోలో తిరిగొచ్చినప్పట్నుంచీ ఆయన స్కూటర్ మెకానిక్ దగ్గరే ఉందట. అంచేత మెట్రోకి బయల్దేరాడు, చంకలో ఓ సంచితో.

"సంచిలో ఏంటండీ?"

"ఫైళ్లు."

"ఫైళ్లు గుండ్రంగా ఉన్నాయేంటి?"

"ఆడిట్ ఫైళ్లు అలాగే ఉంటాయి. నీకేం తెలుసు!" అని విసవిసా మెట్లు దిగిపోయాడు.

ఆయన అటు దిగాడో లేదో, ఇటు హైందవి తల్లి కొంగు పట్టుకుంది.

"అమ్మా, ఒక్కసారి పంజాగుట్ట వెళ్లొద్దాం. ఎందుకిలా చేశావన్నా అని మొహం మీదే అడుగుతా. నాదేం తప్పులేదని ఆయన బుకాయించాడనుకో, ఆ పోస్టర్ నేనే పీకేస్తా. కబడ్డీ కూడా నేనే మానేస్తా."

వరలక్ష్మికి పంజాగుట్టలో కుట్టడానికిచ్చిన జాకెట్లు తెచ్చుకునే పని ఉండనే ఉంది. ఆడిట్‌లో మునిగున్న మొగుడికి ఎలా తెలుస్తుందిలే అనుకుంది. సరే పదమంది.

జాకెట్లు తీసుకుని చౌరస్తాకి వచ్చేసరికి అక్కడ జాతరలా ఉంది. సిగ్నల్ పక్కన మండుటెండలో అభిలాష్ ప్లకార్డు గుండెలకి ఆనించుకుని నిటారుగా నిలబడ్డాడు. నెత్తిన టోపీ అయినా లేదు.

"సెల్ఫీ వద్దు భాయ్. దీని మీద ఏం రాసిందో జర సదువుండ్రి," అంటున్నాడు ఎగబడుతున్న కుర్రాళ్లతో.

ఆయన పక్కనే అదే శిక్ష పడ్డ ఇంకో పెద్దమనిషి ఉన్నాడు. తలకి హెల్మెట్, అద్దం కిందికి దించేసి ఉంది. ప్లకార్డేమో కంగారులో తలకిందులుగా పట్టుకున్నాడు. పరువు గలవాడు కాబోలు!

హైందవి జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్లింది.

"అన్నా! నేనూ కబడ్డీ ఆడతా. మా గోడ మీద నీ పోస్టరే ఉంది. ఎందుకిలా చేశావు?"

అభిలాష్ ఆ పిల్ల కళ్లలోకి సూటిగా చూశాడు.

"తప్పు జేసిన చెల్లె. తాగి బండెక్కిన. ఎవలికన్న తగిలితే ఏమైతుండె? నా ఆట జూసి నేర్చుకో, గీ పని జూసి గాదు."

"నీ వల్ల మా నాన్న నన్ను ఆటే మానెయ్యమంటున్నారు."

"మీ నాయిన కోపం సుత న్యాయమే. నాకు ఎంత శిక్ష ఏసినా తక్వనే. గనీ, తాగింది నేనైతే నువ్వెందుకు ఆట బందు వెట్టాలె? గీ మాట అభిలాష్ అడిగిండని మీ నాయినకు జెప్పు."

పక్కన హెల్మెట్‌లోంచి పెద్ద దగ్గు వినిపించింది.

వరలక్ష్మికి కళ్లు చెమర్చాయి. కూతురి చెవిలో అంది, "ఎంత బాగా ఒప్పుకున్నాడే! ఆ హెల్మెట్టాయన్ని చూడు, ఎలా మొహం దాచుకున్నాడో. పాపం, వాళ్లావిడ ఎలా వేగుతోందో ఏంటో! మీ నాన్నకి చాదస్తం అయితేనేం, ఆ విషయంలో మాత్రం బంగారం."

ఇంతలో ట్రాఫిక్ కానిస్టేబుల్ ఐలయ్య లాఠీ ఊపుకుంటూ వచ్చాడు. వస్తూనే హెల్మెట్టాయన మీద పడ్డాడు.

"ఓ సారూ! పొద్దుగాల్ల సంది మొత్తుకుంటున్న, హెల్మెట్ తియ్యుండ్రి. మొఖం కనవడాలని జడ్జి సాబ్ ఆర్డరు. గా అభిలాష్‌ను జూసి జర నేర్చుకోరాదుండ్రి?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఐలయ్యకి ఒళ్లు మండింది. రెండు చేతులా పట్టుకుని హెల్మెట్ ఊడలాగాడు.

వరలక్ష్మి చేతిలోని జాకెట్ల సంచి దబ్బున కింద పడింది.

"ఏవండీ! ఆడిట్ ఇక్కడ పెట్టారా?"