'నేను' అనని పాప

"పాప 'నేను' అనడం మానేసిందండీ," అంది శశికళ.

పిస్కాటవేలోని ఆ నర్సరీ స్కూల్లో ఆవిడ ఒక్కతే తెలుగు టీచరు. కూతుర్ని తీసుకెళ్దామని వచ్చిన ఖలీల్ గుమ్మంలోనే ఆగిపోయాడు. బయట మంచు పడుతోంది.

"ఇదివరకు బాగానే మాట్లాడేది. సెలవుల తర్వాత ఏం చెప్పినా నూరీకి ఆకలి, నూరీకి భయం అంటోంది. చిన్నపిల్ల కదా, కొంచెం టైమ్ ఇవ్వండి." ఆవిడ చూపు తిప్పుకుంది.

ఖలీల్ యూనివర్సిటీలో ఇస్లామిక్ ఫిలాసఫీ చెబుతాడు. 'నేను' అంటే ఏమిటన్న దాని మీదే పీహెచ్‌డీ చేశాడు. ఇంటికి రాగానే భార్య శంషాద్‌కి సంగతి చెప్పాడు.

"దాన్ని వదిలేయండి. మెల్లగా అదే అంటుంది."

"వదిలేస్తే ఎట్లా? తన్ను తాను పోగొట్టుకుంటుంది."

వెయ్యేళ్ల కిందటి తత్వవేత్త ఒకాయన చెప్పిన ఊహ ఒకటి ఖలీల్ ఏటా క్లాసులో చెబుతాడు. గాల్లో తేలుతున్న మనిషి. కళ్లు మూసి ఉంటాయి. ఏ శబ్దమూ వినబడదు. ఏదీ ఒంటికి తగలదు. అయినా నేనున్నానని ఆ మనిషికి తెలుస్తూనే ఉంటుంది.

ఆ సాయంత్రం దాన్నే ఆటగా మార్చాడు.

"కళ్లు మూసుకో తల్లీ." పాపని రెండు చేతుల మీదా పైకెత్తాడు. "అంతా చీకటి. అమ్మీ లేదు. నేనూ లేను. ఆ చీకట్లో ఎవరున్నారు?"

పాప కళ్లు ఇంకా గట్టిగా మూసుకుంది.

"నూరీ."

ఖలీల్ గబుక్కున పాపని కిందికి దించాడు.

"'నేను' అనాలమ్మా. ఏదీ, అను."

పాప కిటికీ దగ్గరికెళ్లి మంచు కేసి చూస్తూ నిలబడింది.

"నూరీకి చలేస్తోంది."

శంషాద్ స్వెట్టర్ తెచ్చి తొడిగింది. హీటర్ పెంచింది. పైన తన శాలువా చుట్టింది.

"నూరీకి ఇంకా చలేస్తోంది."

పాప నుదుటి మీద చెమట పట్టింది. శంషాద్ వంటింట్లోకి వెళ్లిపోయింది. ట్యాప్ తిప్పినా ఆమె ఏడుపు ఖలీల్‌కి వినబడుతూనే ఉంది. ఎన్ని పుస్తకాలు చదివీ, నాలుగేళ్ల పిల్ల చేత ఒక్క మాట అనిపించలేకపోయాడు.

కాసేపటికి శంషాద్ మొహం తుడుచుకుని వచ్చింది. పాప ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఆ సాయంత్రమంతా భార్యాభర్తలిద్దరూ అడగడానికి భయపడ్డ మాట అడిగింది.

"నువ్వెవరివి తల్లీ?"

పాప వాళ్లిద్దరినీ వింతగా చూసింది. ఒంటి మీది శాలువా విప్పి తల్లి చేతిలో పెట్టింది.

"నేను సఫియాని కదా అమ్మీ, చలి నాక్కాదు, మీరు నూరీ అక్కని మట్టిలో పడుకోబెట్టి వచ్చేశారే, ఇది తీసుకెళ్లి అక్కకి కప్పండి."