ఇంకోసారి తాతయ్య

"ఇంకోసారి చెప్పమ్మా, వినపడలేదు."

చివరి వరుసలోంచి ముసలాయన చెయ్యెత్తాడు. హాల్లో కిసుక్కున నవ్వులు.

టైలరు కూతురు మళ్లీ మొదటినుంచి అందుకుంది. అది నాలుగోసారి.

లైబ్రరీ మేడమీద హాల్లో ప్రతి ఆదివారం పొద్దున కాలనీ కుర్రకారుకు నాయకత్వ శిక్షణ. నడిపేది రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ వినపడేదాకా మాట్లాడేవాళ్లు కూర్చోకూడదు.

వినడానికి కాలనీవాళ్లు ఎవరైనా రావచ్చు. వచ్చేది మాత్రం ఈయనొక్కడే.

ఎదురుగా ఒంటిగదిలో ఉంటాడట. వెనకా ముందూ ఎవరూ లేరట. ఉద్యోగం ఏం చేశాడో అడిగినవాళ్లు లేరు. పిల్లలు 'ఇంకోసారి తాతయ్య' అని పేరు పెట్టేసి ఊరుకున్నారు.

టైలరు కూతురికీ ఒక పేరుంది, గుసగుస. ఇంట్లో నాలుగు కుట్టుమిషన్ల మోత మధ్య పెరిగిన పిల్ల. ఎంత అరిచినా ఎవరికీ వినపడదని చిన్నప్పుడే తెలుసుకుని అరవడం మానేసింది. స్నేహితులంటూ ఎవరూ లేరు. వారానికి ఒకసారి ఈ హాలే ఆమెకు దిక్కు.

ఆయన మిగతావాళ్లను ఒకసారి ఆపితే ఆమెను నాలుగుసార్లు ఆపేవాడు. పగబట్టాడేమో అనిపించేది.

ఒకరోజు మెట్ల దగ్గర నిలదీసింది.

"ముందు వరుసలో కూర్చోవచ్చు కదా తాతయ్యా?"

ఆయన నొచ్చుకోలేదు. "నీ మాట బాగానే బయల్దేరుతోందమ్మా. మధ్యలో ఎక్కడో కారిపోతోంది" అన్నాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది అని విసుక్కుంటూ దిగిపోయింది.

శిక్షణలో భాగంగా పిల్లలు కాలనీకి పనికొచ్చే పని ఒకటి చేయాలి. ఏం చేద్దామని నెల రోజులు తర్జనభర్జన పడ్డారు. చివరికి తాతయ్యకు వినికిడి యంత్రం కొనిద్దామన్నది గుసగుసే. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మాటకు చప్పట్లు పడటం అదే మొదలు. ఆ రోజంతా ఆమెకు కాళ్లు నేలమీద నిలవలేదు.

ఆయన్ను వేదిక మీదికి పిలిచి, ఫొటో తీసి, డబ్బా చేతిలో పెట్టారు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎంత పని చేశారర్రా" అన్నాడు.

సంతోషం పట్టలేక అన్నాడనుకున్నారు.

పై ఆదివారం ఆయన రాలేదు. ఆపై ఆదివారమూ రాలేదు. చక్కగా వినపడుతోందిగా, టీవీ ముందు కూర్చునుంటాడు అన్నారెవరో. అందరూ నవ్వారు. గుసగుస కూడా నవ్వింది.

వీధి దాటితే ఆయన గది. ఒక్కరూ దాటలేదు.

ఇప్పుడామె మాట్లాడుతుంటే ఆపేవాళ్లు లేరు. విన్నారో లేదో తెలిసేదీ కాదు. చూపు మాత్రం అలవాటుగా చివరి వరుసలోని ఖాళీ కుర్చీ మీదికి పోయేది. అంతమంది మధ్యలో ఒంటరిగా అనిపించేది.

అంతలో పిడుగులాంటి వార్త వచ్చింది. హాలును గోదాముకు ఇచ్చేస్తారట. అభ్యంతరం ఉంటే వార్డు సమావేశంలో ఒకరు వచ్చి చెప్పుకోవచ్చట.

బయటి సభల్లో పిల్లల తరఫున మాట్లాడే వంతుల జాబితా తీస్తే ఆ నెల వంతు గుసగుసది. ఇంకేముంది, కొంప మునిగిందన్నారు పిల్లలు. మనిషిని మార్చమని బతిమాలారు. వంతు వంతేనంది హెడ్‌మిస్ట్రెస్.

సమావేశంలో ఆమె లేచి నిలబడగానే కరెంటు పోయింది. మైకు మూగబోయింది. జనం కుర్చీలు జరుపుకుంటూ లేవసాగారు.

ఆమె చివరి వరుసవైపు చూసింది. ఎవరెవరో కూర్చునున్నారు. ఆమెకు మాత్రం చెయ్యెత్తిన ముసలాయనే కనిపించాడు.

మొదటినుంచి మొదలుపెట్టింది. వెనక గోడకు తగిలి తిరిగొచ్చిన గొంతు తనదేనని ఆమెకు వెంటనే తెలియలేదు. లేచినవాళ్లు ఒక్కొక్కరే కూర్చున్నారు.

హాలు దక్కింది.

ఆమె ఎవరికోసమూ ఆగకుండా హాలుకెదురుగా ఉన్న తాతయ్య గదికి పరిగెత్తింది. లోపల ఇంకో ముసలాయన సామాను సర్దుతున్నాడు.

"వాడు పోయి పదిరోజులైందమ్మా. ఎవరికి చెప్పాలో తెలీలేదు."

ఆమె గుమ్మంలోంచి గదంతా చూసింది. హాలువైపు తెరిచిన కిటికీ. కిటికీ పక్కన కుర్చీ. గట్టుమీద వినికిడి యంత్రం డబ్బా ఉంది. వేసిన సీలు వేసినట్టే ఉంది.

"ఇది వాడనేలేదేంటండీ? పాపం, అంత చెవుడు పెట్టుకుని..."

"అది పెట్టుకుని వినపడలేదంటే బాగోదు, ఇంక అక్కడ నాకేం పని అన్నాడమ్మా. ఆదివారాలు ఈ కుర్చీలోనే కూర్చునేవాడు. ఇవాళ టైలరు పిల్ల చివరిదాకా తడబడలేదురా అని మురిసిపోయేవాడు."

"ఇక్కణ్నుంచి ఆయనకెలా వినపడుతుంది?"

ముసలాయన ఆమెను వింతగా చూశాడు.

"వాడికి చెవుడని ఎవరన్నారమ్మా? ముప్పయ్యేళ్లు నీళ్ల శాఖలో కలిసి పనిచేశాం. రోడ్డుకు ఇనపకడ్డీ ఆనించి, దానికి చెవి పెట్టి, నేల అడుగున గొట్టం ఎక్కడ కారుతోందో వినడం వాడి ఉద్యోగం, వాడు చూపించినచోట తవ్వడం నాది."