మందకో మనిషి

“పవిత్ర రాదు సార్. మే నెలంతా మందతో నెల్లూరు దిక్కు పోవల్ల,” అని తేల్చేసింది యల్లక్క.

కుమారస్వామి సారు పెనుకొండ హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా భూగోళం చెబుతున్నాడు. హిందూపురంలో జరిగే ఉచిత వేసవి శిక్షణకు తన క్లాసు పిల్ల ఎంపిక కావడం ఇదే మొదటిసారి. ఈ సీటు పోతే మళ్లీ రాదు. కానీ యల్లక్క మొగుడు గోవిందప్పకు మోకాళ్లు పట్టేశాయట. గొర్రెల వెంట ఆమెకు తోడు ఈ మనవరాలే.

చదువు విలువ తెలియజెప్పాలని సారు తన బ్రహ్మాస్త్రం తీశాడు. ఏటా పిల్లల నోళ్లు తెరిపించే నమీబియా తీరం పాఠం. పక్కనే సముద్రం, దాన్ని ఆనుకునే ఎడారి. ఏళ్ల తరబడి సరైన వాన ఉండదు. పురుగులు వీపు మీద పడ్డ పొగమంచు తాగి బతుకుతాయి. వజ్రాలు దొరికాయని కట్టుకున్న ఊరు అవి అయిపోగానే ఖాళీ అయింది, ఇప్పుడు ఇళ్లలో నడుము లోతు ఇసుక. చేతులు ఊపుతూ, చెమట తుడుచుకుంటూ చెప్పాడు.

యల్లక్క వక్క నములుతూ అంతా విన్నది. బంగారు గనులు మూసినాక మన రామగిరీ అంతే కదా అంది. పక్కన సముద్రం పెట్టుకునీ వాన లేదంటే అది వాళ్ల ఖర్మ, మనకు ఆ సముద్రం కూడా లేదు అంది.

“ఇంతకీ నువ్వు సముద్రం చూసినావా సార్?”

సారు తిరుపతి దాటి తూర్పుకు పోయిన మనిషి కాడు. ఫొటోల్లో చూశానని నసిగాడు.

“నేను నాలుగు తూర్లు చూసినా సార్,” అంది అవ్వ వెనక నిలబడ్డ పవిత్ర, తల దించుకుని.

ఇన్నాళ్లూ సముద్రం గురించి తను ఎవరికి పాఠం చెబుతున్నాడో తలుచుకుంటే సారుకు తన మీద తనకే నవ్వొచ్చింది.

“మందకు ఇంకో మనిషిని చూపించు. పిల్లను పంపిస్తా,” అంది యల్లక్క చివరికి.

“నాది పూచీ,” అనేశాడు సారు, వెనకాముందూ చూడకుండా.

ఆ పూచీ నిలబెట్టుకోవడానికి వారం రోజులు ఊరూరా తిరిగాడు. మండుటెండలో గొర్రెల వెంట వస్తానన్న నరమానవుడు దొరకలేదు.

మే మొదటి వారంలో పవిత్ర హిందూపురంలో క్లాసుకు కూర్చుంది. ఆ నెల చివర్లో ఓ పొద్దున నెల్లూరు దిక్కున ఓ ఇసుకదిబ్బ ఎక్కి, కుమారస్వామి సారు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సముద్రాన్ని చూశాడు. చేతిలో కర్ర జారిపోయినా తెలియలేదు. నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. వెనక నుంచి యల్లక్క గొంతు వినిపించింది.

“సముద్రం యాడికీ పోదులే సార్. గొర్రెలు పోతాండాయి, చూడు.”