అత్తగారి గుంత

"ఒళ్లో కేకు పట్టుకుంటానంటేనే ఎక్కండమ్మా," అన్నాడు వ్యాను డ్రైవరు.

రోడ్డు పక్కన చెయ్యెత్తి ఆపిన పెద్దావిడ నవ్వుతూ ఎక్కింది. ఆవిడ కారు ఇరుసు విరిగి అక్కడే కూలబడి ఉంది.

మూత కూడా పట్టనంత ఎత్తు కేకు అది. డ్రైవరు కూతురు కొత్తగా పెట్టిన బేకరీకి మొదటి పెద్ద ఆర్డరు. పెళ్లివారింటికి విరక్కుండా చేరకపోతే కొట్టు పేరు మొదట్లోనే గంగలో కలుస్తుంది.

"గట్టిగా పట్టుకోండి, అత్తగారొస్తున్నారు."

ఆవిడ అటూ ఇటూ చూసేలోపే వ్యాను ఎగిరిపడింది.

ఎంత తప్పించుకుపోదామన్నా ఎదురొచ్చే ఆ పెద్ద గుంతకు డ్రైవరు పెట్టుకున్న పేరది. ఒకదాన్ని తప్పిస్తే రెండోది పట్టుకునే జంట గుంతలు తోడికోడళ్లు. నీళ్ల కింద నక్కి దెబ్బ కొట్టేవాడు బావమరిది.

"ఈ పేర్లు మీకొక్కరికే చెప్పాను. మా ఇంట్లో తెలిస్తే నాకు అన్నం పుట్టదు."

ఆవిడ కేకును పొదివి పట్టుకుని పడీపడీ నవ్వింది.

ఆ నవ్వుకు డ్రైవరుకు హుషారొచ్చింది. రోడ్ల డబ్బు పంచేవాళ్లను దారి పొడవునా కడిగేశాడు. ఎప్పుడు చూసినా కొత్త రోడ్లే వేస్తారు, ఉన్నదాని మొహం మాత్రం చూడరన్నాడు. ఎందుకలా అని ఆవిడ అడిగింది.

"కొత్తదైతే రిబ్బను కత్తిరించొచ్చు. గుంత పూడిస్తే ఫొటో ఎవరు తీస్తారమ్మా? ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లను ఒక్కసారి ఈ దారిన కేకు పట్టుకుని రమ్మనండి."

ఈసారి ఆవిడ నవ్వలేదు. కేకును ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

కేకు చెక్కు చెదరకుండా చేరింది. ఆవిడకు మాత్రం మోచేతుల దాకా క్రీమే. డ్రైవరు ఆనందం పట్టలేక, పేరైనా అడక్కుండా కేకుతో లోపలికి పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి ఆవిడ వెళ్లిపోయింది. అయ్యో, మంచినీళ్లయినా ఇవ్వలేదే అని నొచ్చుకున్నాడు.

ఆ పెళ్లితో బేకరీ దశ తిరిగింది. రెండు నెలల తర్వాత ఇంకో కేకుతో వస్తుంటే రోడ్డుకు అడ్డంగా రోలరు ఉంది. గుప్పుమంటూ తారు వాసన. తోడికోడళ్లిద్దరూ అప్పటికే మాయమయ్యారు.

మేస్త్రీ దగ్గరికొచ్చి అడిగాడు. "అన్నా, ఇక్కడ అత్తగారంటే ఏ గుంత?"

ఆ పేరు ఎవరు చెప్పారని డ్రైవరు అడిగాడు.

"రోడ్లన్నిటికీ నిధులిచ్చే మా పెద్ద మేడమ్. కొత్త రోడ్డు పక్కన పెట్టి, ముందు అత్తగారి సంగతి చూడమన్నారు."