ముగ్గురున్న ఫోటో

“ఈ ఎడంపక్కోడ్ని తీసెయ్ బాబూ,” అంది గంగాలమ్మ, తడిసిన కొంగుతో ఫోన్ తుడిచి బల్ల మీద పెడుతూ.

ఫిషింగ్ హార్బర్ వెనక వీధిలో ఆ మధ్యాహ్నం తెరిచి ఉన్నది వాసు సెల్ షాపు ఒక్కటే. తుఫాను హెచ్చరికతో మిగతా షట్టర్లన్నీ దిగిపోయాయి.

వాసు ఫోన్ అందుకుని చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. ఫైబర్ బోటులో ముగ్గురు మగవాళ్లు భుజాల మీద చేతులేసుకుని తీసుకున్న సెల్ఫీ. వెనక నీలంగా సముద్రం.

“ఎందుకు తీసెయ్యడం? బాగానే పడ్డాడు కదా.”

“నడిమినున్నోడు మా ఆయన, సింహాద్రి. ముగ్గురు ఫోటో దిగితే నడిమోడు దక్కడంటారు. నువ్వూ ఈ ఒడ్డునోడివే కదా, నీకు తెల్దా?”

తెలుసన్నట్టు తలూపాడు వాసు.

“ఏటకెళ్లిన రోజు పంపినాడు. మా అత్త సూసి నోరు కొట్టుకుంది. మర్నాటి నుంచీ ఫోన్ కలవనేదు. నిన్నటికి అందరి బోట్లూ వచ్చేసినాయి. మాది రానేదు.”

వాసు స్టూలు ఆమెవైపు జరిపి, తన ఫ్లాస్కులోని టీ మూతలో పోసి ఇచ్చాడు. టీ ఇంకా వేడిగానే ఉంది. ఆమె తాగకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

“అందరూ మూసేసి పోనారు. నువ్వేటి, తెరిసి కూకున్నావు?”

“ఇంట్లో ఉండబుద్ధి కాలేదక్కా. ఈ ఫోటో మొత్తం డిలీట్ చేసేస్తే?”

“మా ఆయన్ని నా సేత్తో పోగొట్టమంటావా? ఒకడ్ని సెరిపితే ఇద్దరే మిగుల్తారు. దోసం పోద్ది.”

“పోనీ, కుడిపక్కనున్నాయన్ని తియ్యనా?”

“ఆడు అప్పలరాజు, మా ఆడపడుచు మొగుడు. దాని పుస్తెలు నాను తెంపుతానా? ఈ ఎడంపక్కోడు ఎవడో కొత్తోడు. రోజూ వచ్చేవోడికి జొరమొస్తే, జెట్టీ మీద దొరికినోడ్ని ఎక్కించుకున్నారంట. ఆడి మొకం కూడా నానెరగను.”

వాసు ఫోటోలు దిద్దే యాప్ తెరిచి ఎడమవైపు మనిషి చుట్టూ వేలితో గీత గీశాడు. తెర మీద చిన్న చక్రం తిరిగింది. చక్రం ఆగింది. కొత్తవాడు నవ్వుతూ అక్కడే ఉన్నాడు.

“ఏటైనాది?”

“స్టోరేజ్ నిండిపోయిందక్కా. జాగా లేకపోతే సేవ్ అవదు.”

పాత వీడియోలూ, పండగ శుభాకాంక్షల బొమ్మలూ ఒక్కొక్కటే ఆమెను అడిగి మరీ తీసేశాడు. మళ్లీ గీత గీశాడు. ఈసారి కొత్తవాడి భుజం కరిగిపోయి, దాంతోపాటు సింహాద్రి చెయ్యి కూడా మోచేతి దాకా మాయమైంది.

గంగాలమ్మ చేతిలోని టీ ఒలికింది. “మా ఆయన జోలికెళ్లకు.”

వాసు గబగబా అన్నీ యథాప్రకారం చేసేశాడు. “చేతులు పెనవేసుకుని ఉన్నారు కదా. ఒకణ్ణి లాగితే రెండోవాడూ వచ్చేస్తున్నాడు.”

మూడోసారి యాప్ దానంతటదే మూసుకుపోయింది. అప్‌డేట్ చెయ్యాలన్నాడు. నెట్ అందడం లేదన్నాడు. బయట గాలి పై రేకుల్ని ఎత్తి ఎత్తి కొడుతోంది. ఆ చప్పుడుకి ఆమె ప్రతిసారీ ఉలిక్కిపడుతోంది.

“నీకు రాకపోతే రాదని సెప్పెయ్ బాబూ. మధురవాడ పోయి సేయించుకుంటాను.”

“ఈ వానలో ఏం పోతావు? ఒక మాట అడుగుతాను. చెరిపేశాక ఆ కొత్తతనికి ఏమైనా అయితే?”

గంగాలమ్మ తల దించుకుంది. “ఆలోసించనేదనుకున్నావా? పొద్దుట్నుంచీ అదే. ఆడికీ ఓ తల్లుంటాది. అయినా నాకు నా మొగుడు కావాల.”

వాసు రెండు వేళ్లతో ఫోటోని పెద్దది చేసి చూశాడు.

“ఒకణ్ణి తీసెయ్యడం ఎందుకు? ఒకణ్ణి కలిపితే నలుగురవుతారు. నడిమోడంటూ ఎవడూ ఉండడు.”

“మునిగే బోటులోకి ఎవడెక్కుతాడు?”

వాసు ఫోన్ తిప్పి తన ముఖం ఫోటో తీసుకున్నాడు. వెనకున్న గోడను చెరిపేసి, తన బొమ్మను కొత్తవాడి పక్కన నిలబెట్టాడు. చక్రం ఒక్కసారి తిరిగింది. సేవ్ అయింది.

“ఇప్పుడేటి, ఇంత సులువుగా సేసింది?”

“దానికీ బుద్ధొచ్చినట్టుంది.”

ఆమె ఫోన్ దగ్గరగా పెట్టుకుని లెక్కపెట్టింది. నలుగురు. “నీకు బయ్యం నేదా బాబూ?”

“ఉంది.”

అప్పుడే ఫోన్ మోగింది. ఆడపడుచు. గంగాలమ్మ ఎత్తలేక వాసు వైపు చూసింది. అతనే నొక్కి స్పీకర్ పెట్టాడు. ఏడుపూ నవ్వూ కలిసిన గొంతు. ఇంజిన్ చెడిపోయి కొట్టుకుపోయారట. ముత్యాలమ్మపాలెం ఒడ్డుకి తగిలారట.

“ముగ్గురూనా? అడుగక్కా, ముగ్గురూనా?” అన్నాడు వాసు.

“ముగ్గురూనే వదినా. గంజి తాగుతున్నారంట.”

గంగాలమ్మ బల్ల మీద తల పెట్టేసి ఏడ్చింది. తేరుకుని చూసేసరికి వాసు గోడకి ఆనుకుని, నేల మీద కూర్చుని ఉన్నాడు.

“ఆ కొత్తోడి ఇంటికి కబురెవరు సెప్తారో పాపం,” అంది కళ్లు తుడుచుకుంటూ. “ఆళ్లెంత ఏడుత్తన్నారో.”

“వాళ్లకి తెలిసిందక్కా.”

“ఎవలు సెప్పినారు?”

వాసు చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాడు.

“వాడు మా తమ్ముడు.”