వెల్లుల్లి కంపు

“అద్దం దించండి అత్తయ్యా. మీ వెల్లుల్లి నూనె కంపు భరించలేకపోతున్నా,” అన్నాడు అల్లుడు, ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఒక చెయ్యి ముక్కు మీద పెట్టుకుని.

వెనక సీట్లో పెద్దావిడ అద్దం దించింది. వడగాలి మొహాన కొట్టింది. ఒళ్లో ఉన్న బట్టల సంచిని రెండు చేతులా పట్టుకుని, “ఇవాళ మోకాళ్లకి రాసుకోలేదు నాయనా. సీసా సంచి అడుగున ఉంది,” అంది.

“మరి ఈ కంపెక్కడిది? ఇంజన్ రాసుకుందా మోకాళ్లకి?”

తన జోక్‌కి తనే నవ్వుకున్నాడు. పక్కనున్న భార్య నవ్వలేదు. కన్నతల్లిని అక్క ఇంట్లో దింపడానికి వెళ్తూ ఏం నవ్వుతుంది? దింపడమంటే నాలుగు రోజులకి కాదు, ఇక అక్కడే. ఆ ఇంట్లో ఇంకో మంచం పట్టే చోటు లేదు. అక్క మొగుడు అత్తగారికి మంచినీళ్లివ్వాలన్నా మొహం ముడుచుకునే రకం. ఇవన్నీ కారులో ముగ్గురికీ తెలుసు.

ఇంతకీ ఆవిడ చేసిన నేరం, గ్యాస్ సిలిండర్. ఆవిడ వచ్చిన దగ్గర్నుంచీ వంటింట్లో సిలిండర్ సగం రోజులు కూడా రావడం లేదు. పొద్దస్తమానం నీళ్లు కాస్తోందని అల్లుడు తేల్చేశాడు. పెద్దావిడ స్టవ్ ముట్టుకోవడం మానేసి చన్నీళ్లు పోసుకోవడం మొదలుపెట్టింది. అయినా సిలిండర్ అయిపోయింది. “మన కళ్లు గప్పి వెలిగిస్తోంది, పెద్ద వయసులో అదో జబ్బు,” అన్నాడు. నిజం చెప్పొద్దూ, కూతురికీ అనుమానం పట్టుకుంది. తల్లి మొహం చూడలేక ఆమె రోడ్డు చూస్తూ కూర్చుంది.

ఏసీ కాసేపు చల్లగా వచ్చి, టక్కుమని ఆగి, వేడి గాలి కొడుతోంది.

“అమ్మకి కళ్లు తిరుగుతున్నాయట. ఆ మెకానిక్ షెడ్డు దగ్గర ఆపండి,” అంది భార్య.

అల్లుడు గొణుక్కుంటూ ఆపాడు. మెకానిక్ వచ్చీ రాగానే అల్లుడే అతనికి చెప్పాడు. “ఫ్యాన్ చూడు చాలు. ఏసీ గ్యాస్ జోలికి పోకు. అది మొన్ననే పట్టించాను.”

మెకానిక్ బానెట్ ఎత్తి థూ అని పక్కకి ఉమ్మాడు. ముందున్న ఏసీ కండెన్సర్ జాలీ నిండా ఎండిన బురద, చచ్చిన పురుగులు, పక్షి ఈకలు, ఏదో జిగురు. “ఇది కారా సార్, చెత్తకుండీనా? వేడి బయటికి పోయే దారే లేదు, ప్రెషర్ పెరగక ఏమవుతుంది?” అంటూ పైపుతో నీళ్లు కొట్టాడు. నల్లటి మురికి కారి చెప్పుల మీద పడితే అల్లుడు అసహ్యంగా వెనక్కి గెంతాడు. తన కారు మురికే, అయినా అసహ్యమే.

ఫ్యాన్ బాగానే తిరుగుతోంది. మెకానిక్ ఏసీ పైపులకి ప్రెషర్ మీటర్లు తగిలించి ఇంజన్ స్టార్ట్ చేయించాడు. ఎర్ర మీటర్ ముల్లు చివరిదాకా పోయి వణికింది. ఏసీ కంప్రెసర్ టక్కుమని ఆగింది.

“కడిగినా ప్రెషర్ తగ్గలేదు. ఎవడో దరిద్రుడు ఇష్టమొచ్చినట్టు కుక్కేశాడు. గ్యాస్ ఎక్కువైంది.”

వెనక సీట్లోంచి పెద్దావిడ తల బయటపెట్టింది. “నేనెక్కువ వాడలేదు నాయనా. చన్నీళ్లే పోసుకుంటున్నాను.”

అల్లుడు పగలబడి నవ్వాడు. “విన్నావా మీ అమ్మ మాట? ఆ గ్యాస్ కాదు అత్తయ్యా. మీరు లోపల కూర్చోండి.”

కూతురికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మెకానిక్‌కి ఈ గోలేమీ అర్థం కాలేదు. “ఎవరు పట్టారు సార్ గ్యాస్?”

“తెలిసినవాడే. ఇంటికొచ్చి పట్టి వెళ్తాడు, చల్లదనం తగ్గినప్పుడల్లా.”

“ఎప్పుడొచ్చాడు? నేను చూడలేదే,” అంది భార్య.

“మీరిద్దరూ బజారుకి పోయినప్పుడు. అన్నీ నీ పర్మిషన్ తీసుకుని చెయ్యాలా?”

“తగ్గినప్పుడల్లా పట్టాడంటే లోపలెక్కడో లీకుంది,” అన్నాడు మెకానిక్. “చిల్లి పూడ్చకుండా కుండ నింపుతున్నారు. పైగా పట్టినప్పుడల్లా అడ్డగోలుగా నింపి చచ్చారు.”

“గ్యాస్ జోలికి పోవద్దన్నానా? బానెట్ దించెయ్, వెళ్తాం.” అల్లుడు సిగరెట్ నోట్లో పెట్టుకుని లైటర్ తీశాడు.

మెకానిక్ ఆ మాట పట్టించుకోకుండా మీటరు పైపు కాస్త వదులు చేశాడు. బుస్సుమంది. వంగి వాసన చూశాడు. మరుక్షణం అల్లుడి చేతిలోంచి లైటర్ లాక్కుని తన జేబులో వేసుకున్నాడు. ఇంజన్ ఆపేసి వెనక తలుపు తీశాడు.

“దిగు పెద్దమ్మా. సంచి తర్వాత, ముందు నువ్వు దిగు.”

ఆవిడని చెయ్యి పట్టుకుని దూరంగా బల్ల మీద కూర్చోబెట్టి వచ్చాడు. కూతురు అప్పటికే ముక్కు మూసుకుంది. కుళ్లిన వెల్లుల్లిలా, దారి పొడుగునా కారులో కొట్టిన కంపు. ఇప్పుడు బానెట్ కిందనుంచి వస్తోంది.

“ఇదే. ఈ కంపే. మా అమ్మ నూనెదనుకున్నాం.”

“నూనేంటమ్మా?” మెకానిక్ చేతులు గుడ్డకి తుడుచుకుంటూ అల్లుడి వంక చూశాడు. ఆ చూపులో మర్యాదేమీ లేదు. “ఏం సార్, మీరు చెప్తారా, నేను చెప్పనా?”

అల్లుడు రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

“ఏమిటండీ అది?” అంది భార్య. ఆమె మెకానిక్ వైపు తిరిగింది.

“వంటగ్యాసమ్మా. ఇంట్లో సిలిండర్లోంచి ఏసీలోకి ఎక్కించారు.”